పరగడుపు నీళ్ళు

ఆమెను ఊళ్ళో అందరూ సీసాలక్క అనేవారు. నీటి సరఫరా కార్యాలయంలో ఉద్యోగం. కాగితాల మీద ఆ ఉద్యోగానికి 'నమూనాల సేకరణ సహాయకురాలు' అని పేరుండేది. ఆ పేరుతో ఆమెను సంబోధించినవాళ్ళు ఇరవై రెండేళ్ళలో ఇద్దరే: ఉద్యోగం ఇచ్చినాయన ఒకరు, మెమో ఇచ్చినాయన ఇంకొకరు. తక్కిన ఊరికి ఆమె మోపెడ్ వెనక నీలం క్రేటు కట్టుకుని, అందులో పన్నెండు గాజుసీసాలు గలగలలాడుతుంటే గుంతలు తప్పించుకుంటూ వెళ్ళే మనిషి. ఆ చప్పుడు విని పోస్టాఫీసు గుమాస్తా గోడగడియారం సరిచేసుకునేవాడు. అయినా ఆ గడియారం పది నిమిషాలు వెనకే ఉండేది, అది వేరే సంగతి.

పని చెప్పడానికి తేలిక. సోమవారం, గురువారం ఊళ్ళో పన్నెండు కుళాయిల దగ్గర నీళ్ళు పట్టాలి. ఆసుపత్రి, బస్టాండు, పోస్టాఫీసు, కూరగాయల బజారు, అలా వెళ్తే పదకొండోది పాతపేట బడి. ఎక్కడైనా పద్ధతి ఒక్కటే. కుళాయి మూతిని దూదితో తుడవాలి. కుళాయిని పూర్తిగా తిప్పాలి. రెండు నిమిషాలు నీళ్ళు వదిలెయ్యాలి. ఆ తర్వాతే సీసా పెట్టాలి. పైపులో నిలవున్న నీళ్ళు కాకుండా ట్యాంకు నుంచి వచ్చే అసలు నీళ్ళు పట్టాలని రూలు. ఆమె చేతి గడియారం చూసుకుంటూ రెండు నిమిషాలు నిలబడేది. ఒకటిన్నర కాదు, రెండు.

బజారులో ఒకామె ప్రతి సోమవారం అరిచేది. "నీళ్ళు వృథా చెయ్యొద్దని బోర్డు పెట్టిందీ మీరే, బకెట్లకి బకెట్లు పారబోసేదీ మీరే!"

"బోర్డు పెట్టింది వేరే సెక్షనమ్మా" అని సీసాలక్క గడియారం వైపే చూస్తూ చెప్పేది.

కార్యాలయానికి తిరిగొచ్చాక ఒక్కో సీసాలో బిళ్ళ వేసి గులాబీ రంగు తిరిగిందో లేదో చూసి, క్లోరిన్ మందు సరిపోయిందని రాసేది. రంగు, వాసన, మట్టి, అన్నీ గళ్ళల్లో నింపేది. మూడు నెలలకోసారి మాత్రం వేరే సీసాలు పట్టి, ఒక్కోదాంట్లో రెండు చుక్కలు ఆసిడ్ వేసి, మూతి బిగించి, బస్సు పార్సిల్లో పెద్ద ల్యాబుకి పంపేది. నీళ్ళలో లోహాలేమైనా ఉన్నాయేమో వాళ్ళు యంత్రం మీద చూసి చెప్పాలి. అక్కడ పనిచేసే ఒక ఆడమనిషితో ఆమెకి పదకొండేళ్ళ స్నేహం, ఫోన్లోనే. ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఒకరి మోకాళ్ళ నొప్పులు ఒకరికి బాగా తెలుసు.

లెక్కలన్నీ ఎప్పుడూ బాగానే వచ్చేవి. దారిలో ఎవరు కనబడినా "అక్కా, నీళ్ళెలా ఉన్నాయి?" అని అడిగేవారు. "బాగున్నాయి" అనేది, ఇంట్లోవాళ్ళ క్షేమం చెబుతున్నంత ధీమాగా. ఆ మాట నమ్మి పక్కింటి దర్జీ డబ్బా నీళ్ళు తెప్పించుకోవడం మానేసింది. ఆ అమ్మాయికి నాలుగేళ్ళ కూతురు. మళ్ళీ నీళ్ళోసుకుని ఐదో నెల. "మీరు కుళాయి నీళ్ళే తాగుతారుగా అక్కా, ఇంక మాకేం?" అంది. "మా అత్తగారైతే పరగడుపునే రెండు గ్లాసులు పట్టిస్తుంది, నలభై ఏళ్ళుగా. చూడు ఎలా ఉందో" అని సీసాలక్క సాక్ష్యం కూడా చూపించింది.

సాక్ష్యం ఆ సమయానికి కిటికీలో కూర్చుని, వీధిలో పోయేవాడి చెప్పులు బాగాలేవని వాడికే చెబుతోంది.

ఇల్లు పాతపేటలోనే. గోడకి గోడ ఆనుకున్న పాత ఇళ్ళ వరస. భర్త లారీ డ్రైవరు. వారానికి రెండు రోజులు ఇంట్లో ఉండేవాడు, ఆ రెండు రోజులూ నిద్రపోయేవాడు. కాబట్టి సంసారమంటే ముఖ్యంగా అత్తాకోడళ్ళే. అత్తగారికి ఎనభై ఒకటో ఏడు. పళ్ళు నాలుగే మిగిలినా మాటకి పదును తగ్గలేదు.

ఇలా ఉండగా ఒక గురువారం పాతపేట బడి దగ్గర చిన్న సంగతి జరిగింది. పది రోజుల సెలవుల తర్వాత బడి ఆ రోజే తెరిచారు. ఆమె కుళాయి మూతి తుడిచి తిప్పబోతుంటే వీధి మొగలో వాల్వు కట్టేవాడు కేకేశాడు.

"అక్కా! లైను రిపేరు! అర నిమిషంలో కట్టేస్తున్నా, పట్టుకుంటే పట్టుకో!"

"రెండు నిమిషాలాగు తమ్ముడూ!"

"రెండు నిమిషాలాగితే అక్కడ గుంతలో దిగినవాడు మునుగుతాడు!"

మూడు నెలల సీసాలు పట్టాల్సిన రోజది. గుంతలో మనిషి మునగడం రూలుకి విరుద్ధమో కాదో ఆలోచించే వ్యవధి లేదు. కుళాయి తిప్పి, వచ్చిన మొదటి నీళ్ళే సీసాకి పట్టేసింది. సీసా నిండేసరికి ధార సన్నబడి ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళలో రూలు తప్పడం అదే మొదలు. ఆ రోజంతా ఆమెకి ఏదో దొంగతనం చేసినట్టుంది.

పన్నెండు రోజులకి ల్యాబు నుంచి ఫోనొచ్చింది. మోకాళ్ళ ప్రసక్తి లేకుండా నేరుగా విషయానికొచ్చింది ఆవిడ.

"పదకొండో సీసా ఎక్కడిది?"

"బడిది. ఏం?"

"సీసం ఉంది."

"సీసా సంగతి కాదు, నీళ్ళ సంగతి చెప్పు."

"సీసా కాదే తల్లీ, సీసం! లోహం! పది దాటకూడదు. నూట తొంభై ఉంది. యంత్రం చెడిందేమో అని మూడుసార్లు చూశాను. నూట తొంభై, నూట ఎనభై తొమ్మిది, నూట తొంభై."

సీసాలక్క ఫోను పెట్టేసి క్రేటు వైపు చూసింది. తన పేరులోంచి ఒక అక్షరం జారి నీళ్ళలో పడ్డట్టనిపించింది. తర్వాత లేచి పెద్దసారు గదికి వెళ్ళింది.

పెద్దసారు చెడ్డవాడు కాడు. ఎవరి జోలికీ వెళ్ళడు, ఎవరూ తన జోలికి రాకూడదంటాడు. ఇంకో పద్దెనిమిది నెలల్లో పెద్ద ఊరికి బదిలీ ఖాయం. కాగితం చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"రెండు నిమిషాలు వదిలావా?"

"లేద్సార్. వాల్వు కట్టేస్తున్నారని..."

ఆయన మొహం విప్పారింది. "మరి అదేగా! సేకరణలో పొరపాటు. మళ్ళీ పట్టు, రూలు ప్రకారం."

మళ్ళీ పట్టింది, రూలు ప్రకారం, గడియారం చూసుకుని. నాలుగు వచ్చింది. పది లోపే. పెద్దసారు రెండో కాగితం ఫైల్లో పెట్టి, మొదటి కాగితం మీద 'చెల్లదు' అని రాసి, వారం తిరక్కుండా ఆమెకి మెమో ఇచ్చాడు. నిర్దేశిత పద్ధతి పాటించనందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

సంజాయిషీ రాయడం ఆమెకి కొత్త. ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని మూడు కాగితాలు చింపింది. నాలుగోదాని మీద రెండే వాక్యాలు రాసింది: "నేను చేసిన పొరపాటు ఏమనగా, బడిలో పిల్లలు ఎలా పట్టుకుంటారో అలాగే పట్టాను. పిల్లలు రెండు నిమిషాలు వదలరు."

రాసిన తర్వాత చదువుకుంది. తను రాసిందేమిటో అప్పుడు అర్థమైంది. గడియారం చూసుకుంటూ ఇన్నేళ్ళూ తను పారబోసిన నీళ్ళే జనం తాగుతున్నారు. తను పట్టి పంపినవి ఎవరూ తాగట్లేదు.

మర్నాడు తెల్లవారుతుండగానే వంటింట్లోకి వెళ్ళింది. అత్తగారు అప్పటికే గ్లాసు కుళాయి కింద పెట్టింది. సీసాలక్క వెళ్ళి గ్లాసు పట్టుకుంది.

"వదులు."

"తాగకండి అత్తయ్యా."

"ఎందుకు తాగకూడదు?"

"ఈ నీళ్ళు పరీక్షకి కావాలి."

"నా గ్లాసు నీళ్ళే దొరికాయా నీ పరీక్షకి? ఊరంతా తిరుగుతావుగా, అక్కడ లేవూ?"

గ్లాసు కోసం ఇద్దరూ కాసేపు పెనుగులాడారు. ఎనభై ఒక్కేళ్ళ చేతిలో అంత పట్టు ఉంటుందని కోడలు ఊహించలేదు. చివరికి సగం నీళ్ళు నేలమీద, సగం సీసాలో పడ్డాయి. రెండు నిమిషాలు వదిలాక ఇంకో సీసా పట్టింది. ఆ రెండు నిమిషాలూ అత్తగారు పక్కనే నిలబడి, పుట్టింటివాళ్ళు కోడలికి ఏమేం నేర్పలేదో వరసగా చెప్పింది.

ఈ రెండు సీసాలూ ల్యాబు స్నేహితురాలికి పోయాయి. "యంత్రం ఎటూ నడుస్తుంది, ఖాళీ గళ్ళుంటాయి, పంపు" అందావిడ. మొదటి నీళ్ళలో అరవై నాలుగు. రెండు నిమిషాల తర్వాత ఆరు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను ప్లంబరు పట్టించాడు. గుమ్మం పక్కన మట్టి తవ్వి, వీధి లైను నుంచి ఇంట్లోకొచ్చే పైపు బయటపెట్టి, చాకు మొనతో చిన్న గీత గీశాడు. బూడిదరంగు పైపు మీద ఆ గీత వెండిలా మెరిసింది.

"సీసం పైపక్కా. డెబ్భై ఎనభై ఏళ్ళ కిందటిది. మెత్తగా ఉంటుంది, ఎటు వంచితే అటు వంగుతుంది. ఆ కాలంలో మా తాతలాంటివాళ్ళు దీన్ని తెగ ఇష్టపడేవాళ్ళు. ఈ వరసంతా ఇదే."

"నీళ్ళు ఇందులో నిలవుంటే?"

"తెల్లారేదాకా నానుతుందిగా. కొంచెం కొంచెం దిగుతుంది. ధార వదిలితే కొట్టుకుపోతుంది." ప్లంబరు చాకు తుడుచుకున్నాడు. "పెద్దావిడకేం కాలేదుగా, అయితే భయం లేదులే."

పెద్దావిడ కిటికీలోంచి "నాకేమవుతుంది?" అంది.

ఆమెకేం కాకపోవడం పెద్ద చిక్కే అయింది. తర్వాత ఎవరితో మాట్లాడినా ఆ ఉదాహరణే ఎదురు చూపించారు. పెద్దసారు కూడా అదే అన్నాడు. కానీ ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ మాత్రం వేరేగా చెప్పింది. "ముసలివాళ్ళ సంగతి కాదు. చిన్నపిల్లల ఒంట్లోకి ఇది తొందరగా పడుతుంది. మెదడు ఎదిగే వయసు కదా. కడుపులో ఉన్న బిడ్డకి కూడా మంచిది కాదు. మీ వీధిలో చిన్నపిల్లలెవరైనా ఉన్నారా?"

ఉన్నారని ఆమెకి తెలుసు. ఆసుపత్రి నుంచి ఇంటికి మోపెడ్ మీద పది నిమిషాలు. ఆ రోజు ముప్పావుగంట పట్టింది.

దర్జీ మిషను ముందు కూర్చుని స్కూలు యూనిఫారాలు కుడుతోంది. కూతురు గుడ్డముక్కల మీద కూర్చుని బొత్తాలు రంగుల వారీగా సర్దుతోంది. సీసాలక్క గుమ్మంలోనే నిలబడింది.

"లోపలికి రండక్కా. ఏంటి, ఒంట్లో బాగాలేదా?"

"నీళ్ళు బాగాలేవమ్మా."

దర్జీ మిషను తొక్కడం ఆపలేదు. "అవునా? పోన్లే, కాచుకుని తాగుతాం."

"కాచినా పోదు. కాస్తే ఇంకా చిక్కబడుతుంది."

అప్పుడు ఆపింది. సీసాలక్క మొత్తం చెప్పింది. బడి సీసా, సారు, మెమో, పైపు, డాక్టరమ్మ, ఏదీ దాచలేదు. పిల్లకి రక్తం పరీక్ష చేయించమంది. దర్జీ విన్నంతసేపూ ఒళ్ళో ఉన్న యూనిఫారం చొక్కా చెయ్యి మడతపెడుతూ విప్పుతూ ఉంది.

"మీరు చెప్పారనే డబ్బా నీళ్ళు మానేశానక్కా" అంది చివరికి.

"అవును."

"మీరు చెప్పారనే."

రూలు ప్రకారమే చెప్పానని సీసాలక్క అనొచ్చు. అనలేదు. పిల్ల ఒక నీలం బొత్తాం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది, ఇది ఏ కుప్పలోదో చెప్పమని. నీలం కుప్పలోదే. చెప్పి ఇంటికొచ్చేసింది.

పిల్ల రక్తంలో పద్నాలుగు వచ్చింది. ఐదు దాటితే చాలు, జాగ్రత్త పడాలంటారు. దర్జీ ఆ కాగితం తెచ్చి సీసాలక్క గుమ్మంలో ఉన్న స్టూలు మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద ఒక చెప్పు పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలాకాలం మాట్లాడలేదు.

సీసాలక్క ఆ కాగితం అత్తగారికి చదివి వినిపించింది. ముసలావిడ కిటికీ రెక్క మూసేసింది. పట్టపగలు ఆ కిటికీ మూతపడటం అంతకుముందు ఒక్కసారే, మామగారు పోయినప్పుడు.

"ఆ పిల్లకి పొద్దున్నే గ్లాసు పట్టించమని చెప్పింది నేనేనే. ఒంటికి మంచిదని చెప్పాను, కిటికీలోంచి" అంది. తర్వాత, "సీసాలెన్నున్నాయి నీ దగ్గర?" అంది.

నలభై దాకా ఉన్నాయి. వీధిలో ఇళ్ళు నలభై ఒకటి. ఎవరింట్లో ఎవరు ముందు లేస్తారో, ఎన్నింటికి లేస్తారో, లేచి ఏం చేస్తారో అత్తగారికి కరతలామలకం. చేతికర్ర పట్టుకుని కోడలితో ఇల్లిల్లూ తిరిగింది. కోడలు సీసా ఇచ్చేది, అత్తగారు చెప్పేది: "పొద్దున్నే మొట్టమొదటి నీళ్ళు. మొహం కడగకముందు. ఎవరూ కుళాయి ముట్టకముందు. ఇదిగో నువ్వు, నీ మొగుడు నాలుగింటికే లేచి తిప్పుతాడు, వాడికి చెప్పు."

మూడు రోజుల్లో ముప్పై ఎనిమిది సీసాలు తిరిగొచ్చాయి. ఒకదాంట్లో వాన నీళ్ళున్నాయి, అవి శ్రేష్ఠమని పోసిచ్చారు. ఒకరు బాగా కాచి, వడపోసి ఇచ్చారు. ఒకదాంట్లో నూనె వాసన వచ్చింది. ఇంకో సీసా ఇచ్చినాయన నిజం చెప్పాడు: మర్చిపోయి పొద్దున్న తొమ్మిదింటికి పట్టాడట. ఆ నాలుగూ పక్కన పెట్టింది. మిగిలిన ముప్పై నాలుగూ ల్యాబు స్నేహితురాలు యంత్రం మీద చూస్తే, ఇరవై ఏడు పది దాటాయి.

ఆ లెక్క తీసుకుని పెద్దసారు దగ్గరికి వెళ్ళింది. ఆయన నీళ్ళు నమిలాడు. "ఇవి అధికారిక నమూనాలు కావమ్మా. ఎవరెవరో పట్టారు. మన సీసాలు ఎవరినడిగి ఇచ్చావు?" అన్నాడు. తలుపు దాకా వచ్చి గొంతు తగ్గించాడు. "నువ్వు చెప్పేది అబద్ధమనను. కానీ రూలు అలా ఉంది. రూలుకి నేనేం చెయ్యను?"

ఆ ప్రశ్న ఆమె మనసుకి పట్టింది. రూలుకి ఏం చెయ్యాలో చూద్దామని రూలు పుస్తకం ఇంటికి తెచ్చుకుంది. ఇన్నేళ్ళలో ఆమె దాన్ని చదవలేదు. చదవాల్సిన ముక్క మొదటిరోజే ఎవరో నోటితో చెప్పేశారు. నూట పన్నెండు పేజీలు. మొదటి ఆదివారం ట్యాంకుల శుభ్రత అయింది. రెండో ఆదివారం ఎనభై ఎనిమిదో పేజీలో 'ఫిర్యాదులు' అనే అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర వేలు ఆగింది. వినియోగదారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినప్పుడు, సదరు వినియోగదారు నీటిని ఏ విధంగా వాడుచున్నారో ఆ విధంగానే నమూనా తీయవలెను.

రెండుసార్లు చదివి అత్తగారిని పిలిచింది. "అత్తయ్యా, నా మీద ఫిర్యాదు రాస్తారా?"

"ఎన్ని పేజీలు రాయొచ్చు?" అంది అత్తగారు.

ఒక్క పేజీ చాలంది కోడలు. ముసలావిడ అక్షరాలు కోడిగుడ్లంత ఉంటాయి కాబట్టి రెండయ్యాయి. "నా కోడలు రెండు నిమిషాలు వదిలిన తర్వాత పట్టే నీళ్ళ మీద నాకు ఫిర్యాదు లేదు. వదలకముందు నేను తాగే నీళ్ళ మీద ఉంది. కోడలి మీద వేరే ఫిర్యాదులున్నవి గాని అవి మీ శాఖవి కావు." కింద సంతకం. దాన్ని చూసి తక్కిన నలభై ఇళ్ళవాళ్ళూ రాశారు. చూసి రాయమంటే చాలామంది కోడలి ముక్కతో సహా రాశారు. కోడళ్ళు లేనివాళ్ళు కూడా.

నలభై ఒక్క ఫిర్యాదులు ఒకే రోజు రిజిస్టరులో ఎక్కాయి. ఎక్కాక వాటికి నంబర్లు పడ్డాయి. నంబరు పడిన కాగితాన్ని 'చెల్లదు' అనడానికి లేదు. ఫిర్యాదు అందిన మూడు రోజుల్లో నమూనా తీయాలని అదే పేజీలో ఉంది, తీయాల్సింది సేకరణ సహాయకురాలని కూడా ఉంది. పెద్దసారు సంతకం పెట్టాడు. పెట్టాక కలం మూత పెట్టడం మర్చిపోయి జేబులో పెట్టుకున్నాడు. చొక్కా పాడైంది.

మర్నాడు తెల్లవారకముందే సీసాలక్క మొదటి ఫిర్యాదుదారు ఇంటికి వెళ్ళింది. అంటే ముందుగది నుంచి వంటింట్లోకి. చేతిలో ఫారం, పక్కన సాక్షిగా ప్లంబరు.

"ఫిర్యాదుదారు మీరేనా?"

"కాక ఎవరు? కళ్ళు కనబడ్డం లేదా?"

"ఫారంలో అడగమని ఉంది అత్తయ్యా."

"అయితే రాసుకో. నేనే."

"మీరు రోజూ నీళ్ళెలా పట్టుకుంటారో అలా పట్టండి."

ముసలావిడ గ్లాసు కింద పెట్టి, సీసా తీసుకుని, కుళాయి తిప్పింది. ఈసారి పెనుగులాట జరగలేదు.

ఈ సీసాలు ముద్రలు వేసుకుని, రసీదులతో, నలుగురి సంతకాలతో ల్యాబుకి వెళ్ళాయి. నలభై ఒకటికి ముప్పై మూడు పది దాటాయి. బడిది విడిగా మళ్ళీ పడితే అరవై వచ్చింది. ఈ కాగితం పెద్దసారు బల్ల మీద ఎంతోసేపు ఉండలేకపోయింది. పైవాళ్ళకి వెళ్ళింది, అక్కణ్ణుంచి వాళ్ళ పైవాళ్ళకి, తర్వాత పత్రికలకి. ఎలా వెళ్ళిందని కొంతకాలం విచారణ జరిగింది. రిజిస్టరు ఎవరైనా వచ్చి చూడొచ్చని రూలు పుస్తకంలోనే ఉండటంతో విచారణ నీరుగారిపోయింది.

ముందు బడి పైపు మార్చారు, నెల రోజుల్లో. వీధికి ట్యాంకరు పంపారు. పాతపేట మొత్తం పైపులు మార్చడానికి నాలుగేళ్ళు పట్టింది. రెండు నిమిషాల రూలు కింద ఇంకో వాక్యం చేర్చారు: వదలకముందు ఒకటి, వదిలాక ఒకటి, రెండు సీసాలు పట్టవలెను. దాంతో క్రేటు చాలక ఆమెకి రెండో క్రేటు ఇచ్చారు. సీసాలు అనుమతి లేకుండా పంచినందుకు ఒక మెమో కూడా ఇచ్చారు, అదే వారంలో. పెద్దసారుకి బదిలీ అనుకున్నదానికన్నా ముందే వచ్చింది, అనుకున్న ఊరికి మాత్రం కాదు. వెళ్ళేముందు ఆమె బల్ల దగ్గరికొచ్చి, "ఎనభై ఎనిమిదో పేజీ నేనూ చదివానమ్మా, చేరిన కొత్తలో" అన్నాడు. అందులో సిగ్గు ఎంతో, ఫిర్యాదు ఎంతో ఆమెకి తెలియలేదు.

వీధివాళ్ళు ఆమెని నెత్తిన పెట్టుకున్నారని చెప్పడానికి లేదు. పైపుల కోసం రోడ్డు తవ్వి, పదహారు నెలలు పూడ్చలేదు. రెండు మోపెడ్లు గుంతలో పడ్డాయి. వాటిలో ఒకటి ఆమెదే. "నీళ్ళు బానే ఉండేవి, ఈవిడగారొచ్చి మూడు చెరువుల నీళ్ళు తాగించింది" అని ఒకాయన ఆమె వినేలాగే అన్నాడు. ఫిర్యాదు రాసినవాళ్ళలో ఆయనా ఒకడు.

అత్తగారు ఎనభై ఆరో ఏట పోయింది. నీళ్ళ వల్ల కాదు. నిద్రలో, ఎవరికీ చెప్పకుండా, జీవితంలో మొదటిసారి.

దర్జీకి ఫిర్యాదులు రాసిన ఏడాది చివర్లోనే కొడుకు పుట్టాడు. వాడి రక్తం పరీక్ష మామూలుగానే వచ్చింది. కూతురికి పద్నాలుగు కాస్తా తొమ్మిదైంది, తర్వాత నాలుగైంది. డాక్టరమ్మ మంచిదే అంది. తగ్గకముందు లోపల ఏమైనా జరిగిందా అంటే, ఇప్పుడే చెప్పలేమంది. మళ్ళీ ఏడాది అడిగితే అదే మాట.

మాటలు మళ్ళీ ఎలా కలిశాయో ఇద్దరిలో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఒకరోజు దర్జీ గోడ మీంచి, "అక్కా, దీనికి ఎక్కాలు రావట్లేదు. నాకు మిషనుతోనే సరిపోతోంది, కాస్త మీరు చెప్పిస్తారా?" అంది, నిన్నటిదాకా మాట్లాడుతున్నట్టే. సీసాలక్క సరే అంది, ఆమె కూడా అలాగే.

అప్పటి నుంచి పిల్ల రోజూ సాయంత్రం వస్తుంది. ఇప్పుడు మూడో తరగతి. బొమ్మలు బాగా వేస్తుంది. పాట వింటే మర్నాటికి పాడేస్తుంది. ఎక్కాల్లో ఏడో ఎక్కం దగ్గరికొచ్చేసరికి ఆగిపోతుంది. ఏడారులు అని, కిటికీలోంచి బయటికి చూస్తుంది.

"ఏడో ఎక్కం దగ్గర అందరూ ఆగుతారు. నేనూ ఆగాను" అంది సీసాలక్క ఒకరోజు, కుట్టిన బట్టలిచ్చి వెళ్తూ ఆగిన దర్జీతో.

దర్జీ కూతురి వైపు చూసి, తర్వాత ఆమె వైపు చూసింది. "నిజంగా అందరిలాగే ఆగుతోందంటారా అక్కా?"

పిల్ల పుస్తకం అంచు నలుపుతోంది.

"తెలీదమ్మా" అంది సీసాలక్క.

దర్జీ తలూపింది. చెప్పులు విప్పి, లోపలికొచ్చి, కూతురి పక్కన చాప మీద కూర్చుంది. "మళ్ళీ మొదటి నుంచి చెప్పు. ఏడొకట్ల ఏడు" అంది.